రాజుగారిని అడగకుండా కొట్టిన వెండి నాణెం

బోస్టన్‌లో హల్ స్ట్రీట్‌కి వచ్చేవాళ్లు ఫోన్ బయటికి తీసేది ఒకే ఒక్క ఇంటి కోసం. నార్త్ ఎండ్‌లో ఓల్డ్ నార్త్ చర్చికి ఎదురుగా మొదలై పైకి ఎక్కే చిన్న వీధి ఇది. 44వ నంబరు దగ్గర ‘స్కిన్నీ హౌస్’ ఉంటుంది. వెడల్పు పదడుగులకి కాస్త పైన, అంతే. రెండు చేతులూ చాపి దాని ముందు రీల్ చేసుకోవడం ఇక్కడ ఆనవాయితీ. నేనూ చేశా. తర్వాత మూలన ఉన్న బోర్డు చూసి, అసలు ఈ హల్ ఎవరని వెతికా.

జాన్ హల్ కంసాలి. 1635లో పదేళ్ల పిల్లాడిగా ఇంగ్లండ్ నుంచి ఓడలో ఇక్కడికి వచ్చాడు. అమెరికా అనే దేశం పుట్టడానికి నూట పాతికేళ్ల ముందే, ఇంగ్లిష్ వాళ్ల కాలనీలో మొదటి టంకశాల పెట్టి వెండి నాణేలు కొట్టింది ఇతనే. ఈ వీధికి స్థలం ఇచ్చింది అతని కూతురు హన్నా, అల్లుడు శామ్యూల్ స్యూయల్. వీధికి మామగారి పేరే ఉండాలని షరతు కూడా పెట్టారు.

ఆ రోజుల్లో ఈ ఊళ్లో డబ్బు అంటే ఏంటో తెలిస్తే నవ్వొస్తుంది. పన్నులు మొక్కజొన్నలతో కట్టేవాళ్లు. బీవర్ తోళ్లు చెల్లేవి. 1635లో అయితే తుపాకీ గుండు ఒక్కోటి ఒక ఫార్తింగ్‌కి చెల్లుతుందని కాలనీ ప్రభుత్వమే చెప్పింది. ఇక్కడి ఆదివాసులు గవ్వల్లాంటి చిప్పలతో చేసే ‘వాంపమ్’ పూసలు 1661 దాకా చట్టబద్ధమైన చిల్లర. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న అసలు నాణేలు ఏమయ్యాయంటే, మేకులకీ గుడ్డకీ కత్తులకీ మళ్లీ ఇంగ్లండ్‌కే వెళ్లిపోయాయి.

ఇక మిగిలింది స్పెయిన్ వెండి. బోస్టన్ ఓడలు కరీబియన్ దీవులకి చేపలు, కలప మోసుకెళ్లి, అక్కడి నుంచి స్పానిష్ రియాళ్లు తెచ్చేవి. అందులో చాలా వెండి ఇవాళ్టి బొలీవియాలో ఉన్న పోటోసీ కొండది. అయితే 1640ల చివర్లో పోటోసీ టంకశాలలో పెద్ద కుంభకోణం బయటపడింది. నాణేల్లో వెండి తగ్గించి కొట్టేశారు. చేతికొచ్చిన నాణెం మంచిదో కాదో తెలీకపోతే వ్యాపారం ఎలా సాగుతుంది? మన సంతలో చిరిగిన 500 నోటు పట్టుకుని తిరిగితే తెలుస్తుంది ఆ బాధ.

అందుకే 1652 మే నెలలో మసాచుసెట్స్ శాసనసభ టంకశాల పెట్టాలని తీర్మానించింది. బాధ్యత హల్‌కి అప్పగించారు. అతను లండన్‌లో పని నేర్చుకున్న రాబర్ట్ శాండర్సన్‌ని భాగస్వామిగా తెచ్చుకున్నాడు. హల్ స్థలంలోనే ప్రభుత్వ ఖర్చుతో ఒక చిన్న ఇల్లు కట్టారు. 16 అడుగుల చదరం, పదడుగుల ఎత్తు. మన అపార్ట్‌మెంట్‌లో హాలంత! ఒక కాలనీ ద్రవ్య వ్యవస్థ మొత్తం అందులోంచి నడిచింది.

పద్ధతి మనకి కొత్తేం కాదు. ఎవరైనా పాత వెండి గిన్నెలో, స్పానిష్ నాణేలో తీసుకెళ్తే కరిగించి, శుద్ధి చేసి, నాణేలుగా కొట్టి ఇచ్చేవాళ్లు. చట్టంలో మొదట రాసిన మజూరీ ప్రతి 20 షిల్లింగులకీ ఒక షిల్లింగు. మజూరీతో పాటు తరుగు లెక్క కూడా వచ్చి చేరింది. మా అమ్మకి ఫోన్‌లో ఈ మాట చెప్తే, “ఏ దేశమైనా కంసాలి కంసాలేరా” అంది. ఆ సభ వాళ్లకీ కొన్నేళ్లకి అదే అనుమానం వచ్చింది. హల్‌కి మరీ ఎక్కువ మిగులుతోందని, కాలనీకి వాటా ఇమ్మని వెంటపడ్డారు.

మొదటి నాణెం డిజైన్ చూస్తే, డెడ్‌లైన్‌కి ముందురోజు రాత్రి పుష్ చేసిన కోడ్ గుర్తొస్తుంది. ఒకవైపు న్యూ ఇంగ్లండ్‌కి గుర్తుగా ‘ఎన్ఈ’ అనే రెండక్షరాలు. రెండోవైపు పన్నెండు పెన్నీలని చెప్పే రోమన్ అంకె. మిగతాదంతా నున్నగా ఖాళీ. జనం ఊరుకుంటారా? అంచులు కత్తిరించి వెండి దాచుకుని, మిగిలిన ముక్కని పూర్తి ధరకే చలామణీ చేయొచ్చు. అందుకే అదే ఏడాది అక్టోబరులో కొత్త ఆర్డరు వచ్చింది. అంచు చుట్టూ వలయాల మధ్య అక్షరాలు ఉండాలి, మధ్యలో చెట్టు ఉండాలి. అంచు కోస్తే అక్షరం తెగి పట్టుబడిపోతుంది. చెట్టు మొదట విల్లో, తర్వాత ఓక్, చివరికి పైన్ అయింది.

ఆ తొందరపాటు నాణేనికే ఇప్పుడు గిరాకీ. 2021లో లండన్ వేలంలో ఒక ‘ఎన్ఈ’ షిల్లింగు 2,64,000 పౌండ్లకి పోయింది. అది దొరికింది ఒక పాత మిఠాయి డబ్బాలో.

నన్ను బాగా ఆకట్టుకుంది మాత్రం దాని బరువు. ఇంగ్లిష్ షిల్లింగులో వెండి స్వచ్ఛత ఎంతో ఇందులోనూ అంతే. కానీ అది సుమారు 6 గ్రాములుంటే, ఇది 4.67 గ్రాములే. దాదాపు 22 శాతం తక్కువ. ఇది మోసం కాదు, చెప్పి మరీ చేసింది. బోస్టన్‌లో ఇది పన్నెండు పెన్నీలకే చెల్లుతుంది. లండన్ తీసుకెళ్తే మాత్రం తూకానికే ధర, అంటే నష్టం. అప్పుడు వెండి ఊరు దాటదని వాళ్ల లెక్క. అదీ చాల్లేదని 1654లో ఇంకో చట్టం తెచ్చారు. 20 షిల్లింగులకి మించి బయటికి పట్టుకెళ్లకూడదు, సోదా చేయడానికి మనుషులు కూడా.

నేను ఆన్‌సైట్ మీద వచ్చి ఏడాదిన్నర. జీతం పడిన మూడో రోజుకి సగం ఒంగోలు వెళ్లిపోతుంది: చదువు లోను, ఇంటి లోను, చెల్లి ఫీజు. పంపే ముందు రేటు చూసి, ఇంకో పది పైసలు పెరుగుతుందేమోనని ఒకరోజు ఆగుతా. ఆ సభలో కూర్చున్న వాళ్ల కంటికి నాలాంటివాడే కదా సమస్య! మా ఊరికేమో నాలాంటివాళ్లే ఆధారం.

నాణేలు కొట్టడం రాజు హక్కు. 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ దామర్ల నాయకుల దగ్గర కౌలు తీసుకున్నప్పుడు, నాణేలు కొట్టుకునే అనుమతి కూడా అందులో రాయించుకుంది. బోస్టన్ వాళ్లు ఎవర్నీ అడగలేదు. అడగడానికి 1652లో ఇంగ్లండ్‌లో రాజు లేడు, 1649లోనే తల తీసేశారు. తమాషా ఏంటంటే, తర్వాత ముప్పై ఏళ్లు కొట్టిన నాణేలన్నిటి మీదా 1652 అనే ఉంటుంది. 1662 తేదీతో వచ్చిన రెండు పెన్నీల నాణెం ఒక్కటే మినహాయింపు. చట్టం చేసిన సంవత్సరం కాబట్టి అలా వేశారని కొందరంటారు. 1660లో రాజు తిరిగొచ్చాక, ఇవన్నీ మీరు లేనప్పటివి సార్ అని చెప్పుకోవడానికని ఇంకొందరంటారు. నాకు రెండోదే నచ్చుతుంది.

హల్ స్ట్రీట్ నుంచి నేల మీద ఎర్రటి గీత పట్టుకుని మైలు పైచిలుకు నడిస్తే గ్రానరీ శ్మశానం వస్తుంది. పార్క్ స్ట్రీట్ స్టేషన్ పక్కనే, టికెట్ లేదు. జనమంతా పాల్ రివీర్, శామ్యూల్ ఆడమ్స్ సమాధుల దగ్గరే ఉంటారు. రివీర్ రాయి మీద చిల్లర పెట్టి వెళ్తారు. టంకశాల యజమాని ఉన్నది అల్లుడి కుటుంబ సమాధిలో. నేను వెళ్లిన రోజు అక్కడ ఎండుటాకులు తప్ప ఏమీ లేవు.

హన్నా పెళ్లి గురించి రచయిత హాథార్న్ ఒక కథ రాశాడు. హల్ కూతుర్ని తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు పైన్ షిల్లింగులు పోసి కట్నంగా ఇచ్చాడట. నిజంగా ఇచ్చింది 500 పౌండ్లు, అదీ విడతల్లో. సరదాకి లెక్క వేశా. పదివేల షిల్లింగులు, సుమారు 46.7 కిలోలు. కథ మరీ అబద్ధమేం కాదు!

అదే హల్ లెక్కల పుస్తకాల్లో ఇంకో పద్దు ఉంది. 1675లో వాంపనోగ్ నాయకుడు మెటాకామ్‌తో యుద్ధం వచ్చినప్పుడు కాలనీ డబ్బు లెక్కలు చూసింది హలే. పట్టుబడిన ఆదివాసుల్ని 1676లో బానిసలుగా అమ్మేశారు. కొన్నదెవరు, ఎంతకి అన్నది షిల్లింగుల్లో, పెన్నీల్లో వరసగా రాసుకున్నాడు. వాంపమ్ చేసిన జాతుల మనుషులే వాళ్లు. అది చదివాక, అంతకుముందు తక్కెడ కథకి వచ్చిన నవ్వు నాకు మళ్లీ రాలేదు. ఆ వెండి తవ్వింది కూడా పోటోసీ గనుల్లో నిర్బంధ చాకిరీ చేసిన ఆదివాసులే. గ్రానరీలోని బోర్డుల్లో ఇవేవీ నాకు కనపడలేదు.

1682లో టంకశాల ఒప్పందం ముగిసింది, మళ్లీ పొడిగించలేదు. మరుసటి ఏడాది హల్ పోయాడు. 1684లో లండన్ కోర్టు మసాచుసెట్స్ చార్టర్‌నే రద్దు చేసింది. కాలనీ మీద మోపిన నేరాల చిట్టాలో అనుమతి లేని నాణేలు కూడా ఉన్నాయి. కొత్త వెండి నాణెం ఆగిపోయింది, ఉన్నది మళ్లీ ఓడలెక్కింది. 1690లో క్యూబెక్ మీద దాడికెళ్లి ఓడి తిరిగొచ్చిన సైనికులు జీతం అడిగితే, ఇవ్వడానికి వెండి లేదు. కాగితం మీద అచ్చు వేసి చేతిలో పెట్టారు. ఇంగ్లిష్ కాలనీల్లో ఒక ప్రభుత్వం ఇచ్చిన మొదటి నోట్లు అవే.