టికెట్ మీద చిన్న '+2'

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు ఎంత దూరం? ఫోన్‌లో కొట్టి చూడండి. నేరుగా దాదాపు 14,000 కిలోమీటర్లు, డైరెక్ట్ ఫ్లైట్‌లో సుమారు 17 గంటలు పట్టేది. నేనూ అంతవరకే చూశా. అక్కడే దెబ్బతిన్నా.

మాది అనంతపురం. జనవరిలో ఒక ఆదివారం మా నాయన సంవత్సరీకం. డైరెక్ట్ ఫ్లైట్ రేటు చూసి గుండె జారింది. దుబాయ్ మీదుగా అయితే బాగా తక్కువ. దుబాయ్‌కి 16 గంటలు, అక్కడ 4 గంటలు ఆగడం, బెంగళూరుకి ఇంకో 4. మొత్తం 24. శుక్రవారం రాత్రి 8:30కి ఎక్కితే శనివారం రాత్రికి దిగుతా, ఇంకేం కావాలి? బుక్ చేసేశా.

దిగే టైము పక్కన చిన్న అక్షరాల్లో '+2' అని ఉంది. పట్టించుకోలేదు.

డైరెక్ట్ ఫ్లైట్ కథ వేరు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రూట్ మొదలుపెట్టినప్పుడు కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. మ్యాపులో చూస్తే వింతగా ఉంటుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి పట్టుకోండి, అది ధ్రువం పక్క నుంచే పోతుంది. దగ్గరి దారి అదే. ఆ విమానం 9న రాత్రి బయలుదేరి, 11న దిగింది. మధ్యలో 10వ తేదీ గాల్లోనే గడిచిపోయింది.

నాకు అర్థమైంది మాత్రం దుబాయ్‌లో. విమానం దిగి ఫ్లైట్ మోడ్ తీయగానే స్క్రీన్ మీద 'ఆదివారం, 12:30' అని కనబడింది. అర్ధరాత్రి దాటింది. చలికాలంలో కాలిఫోర్నియా మనకంటే 13:30 గంటలు వెనక. నేను శుక్రవారం రాత్రి ఎక్కేటప్పటికే మన దగ్గర శనివారం పొద్దున 10. ఆ లెక్క వేసుకోవడమే మర్చిపోయా.

అమ్మకి ఫోన్ చేశా.

"ఏడ ఉండావు రా?"

"దుబాయ్‌లోమా. బెంగళూరులో దిగేది పది గంటలకి."

కాసేపు మాట లేదు. "మధ్యాహ్నం దాటితే తిథి ఉండదంట నాయనా. తమ్ముడు చేస్తాడులే. నువ్వు నిదానంగా రా."

దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి బయటపడేసరికి పదకొండు. అక్కడి నుంచి అనంతపురం సుమారు 180 కిలోమీటర్లు. బాగేపల్లి, కొడికొండ, పెనుకొండ... అన్ని వేల కిలోమీటర్ల కంటే ఈ మూడు గంటలే తెగలేదు నాకు. పెనుకొండ దగ్గర తమ్ముడి నుంచి వాట్సాప్ ఫొటో వచ్చింది. పిండాలు పెట్టడం అయిపోయింది.

ఇంటికెళ్లేసరికి రెండు దాటింది. బంధువులు సగం మంది వెళ్లిపోయారు. పెద్దకొడుకుని, చేతిలో సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడ్డా. ఎవరూ ఒక్క మాట అనలేదు. అమ్మ ఆకు వేసి, వడలు పెడుతూ అడిగింది.

"శుక్రవారం ఎక్కినావు, ఆదివారం దిగినావు. మధ్యలో శనివారం ఏడపోయింది రా?"

ఏం చెప్పాలో తెలియలేదు. డబ్బులు మిగులుతాయని అమ్మేసుకున్నానమ్మా అని మనసులో అనుకున్నా.

మీరు టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు, గంటలు చూసి ఆగిపోకండి. '+1', '+2' చూడండి. దిగే టైము అక్కడి లోకల్ టైము అని గుర్తుంచుకోండి. ఇంటికి చేరే దారి కూడా కలుపుకోండి.

వచ్చే ఏడు తిథి ఎప్పుడొస్తుందో అయ్యవారిని ముందే అడిగా. నాలుగు రోజుల ముందే దిగేలా సెలవు పెట్టేశా.