చౌటుప్పల్ 108 బండిలో ఒక పగలు

పొద్దున ఎనిమిదింటికి 108 అంబులెన్స్‌లో షిఫ్టు మారుతుంది. రాత్రంతా మేలుకున్న ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) కళ్లు ఎర్రబారి ఉన్నాయి. అయినా పగటి డ్యూటీకి వచ్చినతను అతన్ని వెంటనే ఇంటికి వదలడు. ఇద్దరూ కలిసి బండి వెనక తలుపులు తెరుస్తారు. ఆక్సిజన్ సిలిండర్ మీటరులో ముల్లు ఎక్కడుందో చూస్తారు. ఊపిరి అందించే అంబు బ్యాగును అరచేత్తో నొక్కి చూస్తారు. సక్షన్ మెషీన్ ఆన్ చేసి, గొట్టం చివర బొటనవేలు అడ్డుపెట్టి గుంజుడు సరిగా ఉందో లేదో పరీక్షిస్తారు. బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, అందులోకి స్ట్రిప్పులు, మెడకు వేసే కాలర్లు, స్పైన్ బోర్డు, దాని బెల్టులు, విరిగిన ఎముకలకు కట్టే స్ప్లింట్లు, సీలు తీయని డెలివరీ కిట్ వరుసగా లెక్కకొస్తాయి. మందుల డబ్బాలో గడువు తేదీలు చదివి, రాత్రి వాడినవాటి స్థానంలో కొత్తవి పెట్టి, రిజిస్టరులో సంతకాలు చేస్తారు.

“సిలిండర్ ఖాళీ అన్న సంగతి పేషెంట్‌కు మాస్కు పెట్టినంక తెలిస్తే ఏం లాభం సార్?” అన్నాడు పగటి ఈఎంటీ, గ్లౌజుల పెట్టె సర్దుతూ.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నగరానికి 50 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది చౌటుప్పల్. ఆ ఊరి పక్కనే పంతంగి టోల్ ప్లాజా. సంక్రాంతికి ఊళ్లకు పోయే కార్ల బారులు టీవీల్లో కనిపించేది ఇక్కడే. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, వాటి వెనక పత్తి చేలు, వరి మళ్లు. అందుకే ఇక్కడి 108కు ఒకే రకం పిలుపు రాదు. హైవే మీద బైకు పడుతుంది, ఫ్యాక్టరీలో కార్మికుడు స్పృహ తప్పుతాడు, చేలో పాము కరుస్తుంది, తండాలో గర్భిణికి నొప్పులు మొదలవుతాయి. వాటన్నిటికీ వెళ్లేది ఆ ఒక్క బండి, అందులో ఇద్దరు మనుషులు. స్టీరింగు పట్టే మనిషిని 108లో డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. వెనక పేషెంట్ పక్కన కూర్చునేది ఈఎంటీ. అనుమతి తీసుకుని, పేషెంట్ల వివరాలు రాయనని మాటిచ్చి, పైలట్ పక్క సీట్లో చోటు సంపాదించాను.

ఈ నంబరు పుట్టింది మన దగ్గరే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు అదే ఏడాది నెలకొల్పిన ఈఎంఆర్ఐ సంస్థ మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ కేంద్రంగా దీన్ని నడిపింది. సత్యం కుప్పకూలిన 2009లో సంస్థ జీవీకే చేతికి వెళ్లింది. ఇప్పుడు ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్ పేరుతో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి గుజరాత్ మొదలు ఎన్నో రాష్ట్రాలకు ఈ పద్ధతి పాకింది. 108 రాకముందు చాలాచోట్ల అంబులెన్స్ అంటే ఒక స్ట్రెచర్, ఒక డ్రైవర్, ఒక సైరన్. పేషెంట్‌కు ఏదైనా చేస్తే ఆసుపత్రిలోనే చేయాలి. 108 తెచ్చిన అసలు మార్పు ఫోను నంబరులో లేదు, ఆ వెనక సీట్లో కూర్చున్న శిక్షణ పొందిన మనిషిలో ఉంది.

పదింటికి ముందే ఫోను మోగింది. సర్వీసు రోడ్డు మీద బైకు స్కిడ్ అయింది, ఒకరికి దెబ్బలు. కాల్ సెంటర్‌లో ఫోనెత్తినవారు చోటు, గుర్తు, పేషెంట్ స్పృహలో ఉన్నాడా అన్నవి అడిగి రాసుకుంటారు. దగ్గరలో ఖాళీగా ఉన్న బండికి కేసు అప్పగిస్తారు. ఈసారి అది మా బండికే వచ్చింది. అక్కడికి చేరాక పైలట్ ఆ చోటు దాటకుండా, వెనకనుంచి వచ్చే వాహనాల నుంచి కాపు కాసేలా బండిని అడ్డంగా ఆపాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఈఎంటీ దిగగానే పేషెంట్ దగ్గరకు పరుగెత్తలేదు. గ్లౌజులు తొడుక్కుంటూ చుట్టూ చూశాడు. పెట్రోలు కారుతోందా, వెనకనుంచి లారీలు వస్తున్నాయా, ఇంకెవరైనా పడి ఉన్నారా? చూసేవాళ్లకు అది ఆలస్యంలా అనిపిస్తుంది. కాపాడటానికి వచ్చిన మనిషి తానే దెబ్బతింటే అక్కడ ఇద్దరు పేషెంట్లవుతారు. ఈఎంటీలకు మొట్టమొదట నేర్పే పాఠం ఇదే.

జనం అప్పటికే గుమిగూడారు. ఒకతను కుర్రాడి చంకల కింద చేతులు వేసి లేపబోతున్నాడు. “లేపకు అన్నా, పక్కకు జరుగు” అని ఆపి, ఈఎంటీ కుర్రాడి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులతో తలను కదలకుండా పట్టుకున్నాడు.

“తమ్ముడూ, మెడ తిప్పకు. నీ పేరేంది? ఏమైందో యాదికుందా?”

కుర్రాడు పేరు చెప్పాడు. ఆ ఒక్క జవాబుతో మూడు సంగతులు తెలిశాయి: గొంతు దారి తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడు పనిచేస్తోంది. తరవాత ఆ తలను పైలట్ చేతుల్లో పెట్టి, రక్తం ఎక్కడ కారుతోందో చూసి, మోచేతి కింది గాయం మీద గాజుగుడ్డ పెట్టి గట్టిగా అదిమాడు. ఆపైన మెడకు కాలర్ వేశాడు. ఇద్దరూ కలిసి కుర్రాడిని ఒక పక్కకు మొత్తం ఒకే దుంగలా దొర్లించి, వీపు తడిమి, స్పైన్ బోర్డు మీదకు తెచ్చి బెల్టులు బిగించారు. పైలట్లకూ ప్రథమ చికిత్స నేర్పేది ఇందుకే. హెల్మెట్ ఉన్న మనిషైతే దాన్ని లాగడం కూడా ఒక్కరి పని కాదు, ఒకరు మెడను పట్టుకుంటే మరొకరు మెల్లగా తీయాలి.

బండి కదిలాక వెనక పని ఆగలేదు. నాడి, బీపీ, ఆక్సిజన్, కంటిపాపలు చూసి ఈఎంటీ కాల్ సెంటర్ డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడాడు. 108లో ఇరవై నాలుగు గంటలూ డాక్టర్లు లైన్లో ఉంటారు. ఏ మందు ఇవ్వాలన్నా అది రాసిపెట్టిన ప్రోటోకాల్‌లో ఉండాలి, లేదా ఆ డాక్టర్ చెప్పాలి. ఈఎంటీ రోగనిర్ధారణ చేసే డాక్టర్ కాదు. మనిషి చనిపోయాడని ప్రకటించే అధికారమూ అతనికి లేదు. చూసింది చూసినట్టు చెప్పాలి, చెప్పింది చేయాలి, చేసింది రాయాలి. పేషెంట్ కేర్ రికార్డులో ఏ నిమిషానికి ఏం చూశారో, ఏం చేశారో పడుతుంది. ఆసుపత్రి గేటు దగ్గర డ్యూటీ డాక్టర్‌కు నోటితో చెప్పి, ఆ కాగితం ఇచ్చి, సంతకం తీసుకున్నాకే బాధ్యత తీరుతుంది.

ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది ఈ పనిలో అతి కష్టమైన నిర్ణయం. దగ్గరున్నదానికే వెళ్లాలని బంధువులు పట్టుబడతారు, లేదా ఏకంగా హైదరాబాద్ పోనివ్వమంటారు. ఊపిరి నిలవని మనిషికి ఐదు నిమిషాల దూరంలోని ఆసుపత్రే దిక్కు. తలకు పెద్ద దెబ్బ తగిలి, ఊపిరి, నాడి నిలకడగా ఉన్న మనిషిని న్యూరో సర్జన్ లేని చోట దింపితే గంట వృథా అవుతుంది. భారతదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రమాదం తరవాతి తొలి గంటను వైద్యులు ‘గోల్డెన్ అవర్’ అంటారు. ఆ గంటలో ఎక్కువ భాగం ఈఎంటీ చేతిలోనే గడుస్తుంది.

మధ్యాహ్నం వేరే ఊరి బండి ఈఎంటీ, ఈసారి ఒక మహిళ, టీ తాగుతూ తన పని గురించి చెప్పారు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నడుమ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ముప్ఫై నొక్కులకు రెండు శ్వాసలు. ప్రతి నొక్కు తరవాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. చదివితే తేలికే. పరుగెత్తే బండిలో అలా నొక్కుతూ ఉండటం వేరు. అందుకే గుండె ఆగిన కేసులో పేషెంట్‌ను పడినచోటే ఉంచి ముందు ఈ నొక్కుడు, అంటే సీపీఆర్, మొదలుపెడతామని ఆమె అన్నారు. “ఏం జేస్తున్నరు, బండెక్కియ్యిండ్రి అని జనం మీదికొస్తరు సార్. ఆళ్లకు నచ్చజెప్పుకుంటనే నొక్కాలె.”

పాము కాటులో జనం చేసే మేలు కంటే కీడే ఎక్కువ. తాడుతో బిగించి కడతారు, బ్లేడుతో కోస్తారు, నోటితో పీలుస్తారు. మూడూ ప్రమాదమే. కరిచిన కాలు లేదా చేయి కదలకుండా కట్టి, ధైర్యం చెప్పి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి వెంట తేవాల్సిన పని లేదు. పురుగుమందు తాగిన మనిషికి ఉప్పునీళ్లు పట్టి కక్కించడం ఇంకో పెద్ద తప్పు. స్పృహ తగ్గిన మనిషి కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈఎంటీ చేసేది మందు పడ్డ బట్టలు తీసేసి, ఒళ్లు కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో చేరే నురగను సక్షన్‌తో తీయడం.

ఆమె ముఖం వెలిగింది మాత్రం కాన్పుల సంగతి వచ్చినప్పుడు. బిడ్డ తల కనిపిస్తే బండిని పక్కకు ఆపమంటారు. బిడ్డ బయటికి రాగానే శుభ్రమైన గుడ్డతో తుడిచి, తల్లి ఒంటి మీదే పడుకోబెట్టి ఇద్దరినీ కప్పుతారు. ఏడ్చే బిడ్డకు బొడ్డు కోయడానికి తొందరపడరు, కనీసం ఒక నిమిషం ఆగుతారు. ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో బిడ్డ రంగు, గుండె, ఏడుపు, కదలిక, ఊపిరి చూసి మార్కులు వేస్తారు. ఆ తరవాత తల్లి రక్తస్రావం మీద కన్ను ఉంచుతారు. “ఆ టైముల మా ముందు ఇద్దరు పేషెంట్లుంటరు, నాకున్నయి రెండే చేతులు” అన్నారామె.

ఈ వృత్తికి ఆధునిక రూపం ఇచ్చినవాళ్లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నల్లజాతి యువకులున్నారు. 1967లో హిల్ డిస్ట్రిక్ట్ పేటలో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ మొదలైంది. అప్పటిదాకా ఆ నగరంలో పేషెంట్లను పోలీసు వ్యానులో, శవవాహనాల్లో మోసుకెళ్లేవారు. సీపీఆర్ పద్ధతికి రూపం ఇచ్చినవారిలో ఒకరైన డాక్టర్ పీటర్ సఫార్, పనిలేక తిరుగుతున్న కుర్రాళ్లకు 300 గంటల శిక్షణ ఇచ్చి వీధుల్లోకి పంపారు. తరవాత వారికి మెడికల్ డైరెక్టర్‌గా వచ్చిన డాక్టర్ నాన్సీ కరొలైన్ రాసిన పాఠ్యపుస్తకం ఎందరో పారామెడిక్స్‌కు దారి చూపింది. 1975లో నగరపాలన ఆ సేవను తన చేతిలోకి తీసుకుని ఫ్రీడమ్ హౌస్‌ను మూసింది. మొదటివాళ్లలో చాలామందికి ఉద్యోగం నిలవలేదు. హైదరాబాద్‌లో శిక్షణ గట్టిపడింది మరో అమెరికా సంబంధంతోనే. 2007లో ఈఎంఆర్ఐ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి అత్యవసర వైద్యంలో రెండేళ్ల కోర్సు మొదలుపెట్టింది.

ఇప్పుడు బండికీ మనిషికీ ప్రమాణాలు కాగితం మీద ఉన్నాయి. ఏఐఎస్-125 అనే నియమావళి అంబులెన్స్‌లను నాలుగు రకాలుగా విభజించింది. ప్రథమ స్పందనకు ఏ, పేషెంట్‌ను తరలించడానికి బీ, ప్రాథమిక ప్రాణరక్షణకు సీ, వెంటిలేటర్ వంటి ఉన్నత ప్రాణరక్షణకు డీ. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును, పారామెడిక్‌ను తన జాబితాలో చేర్చింది. వృత్తికి చదువు, రిజిస్ట్రేషన్, నడవడి నియమాలు ఉండాలన్నది దాని ఉద్దేశం. రాష్ట్ర కౌన్సిళ్లు చురుగ్గా పనిచేసి, ప్రతి ఈఎంటీ చేతికి రిజిస్ట్రేషన్ నంబరు రావాలి. అప్పుడే ఏజెన్సీ మారినా, జిల్లా మారినా అతని నైపుణ్యానికి గుర్తింపు ఉంటుంది.

ఇప్పటి బతుకు అలా లేదు. 108 సేవను ప్రభుత్వాలు సంస్థలకు అప్పగించి నడిపిస్తాయి. ఈఎంటీలు, పైలట్లు ఎక్కువగా ఒప్పంద ఉద్యోగులు. పన్నెండు గంటల షిఫ్టు, దాని మధ్య భోజనం దొరికితే దొరికినట్టు. మనిషి దక్కకపోతే బంధువుల కోపం ముందుగా తగిలేది వీళ్లకే. ఓ పెద్ద ఆసుపత్రిలో బెడ్ లేదన్నందుకు అరగంట స్ట్రెచర్ పక్కనే నిలబడిన అనుభవం పగటి ఈఎంటీ చెప్పాడు. ఆ అరగంటలో మండలమంతటికీ అంబులెన్స్ లేదు.

ఇందులో మన వంతు ఉంది. అంబులెన్స్‌కు దారివ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రూ. 10,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గాయపడినవారికి సాయం చేసిన మనిషిని సాక్షి పేరుతో వేధించకూడదని అదే చట్టంలోని 134ఏ సెక్షన్, దాని కింద చేసిన నియమాలు రక్షణ ఇస్తాయి. కాబట్టి భయంతో దూరం జరగనక్కర్లేదు.

పాఠకులకు ఒక విన్నపం. 108కు ఫోను చేసినప్పుడు ఊరు, దగ్గరి గుర్తు, ఎంతమంది, స్పృహ ఉందా అన్న నాలుగు మాటలు చెప్పి, వాళ్లు పెట్టేయమనేదాకా లైన్లో ఉండండి. ప్రమాదంలో పడ్డ మనిషిని మంట, వరద వంటి ముప్పు లేకపోతే లేపి కూర్చోబెట్టకండి. సీపీఆర్ ఒకసారి నేర్చుకోండి, మీ కాలేజీలో, ఫ్యాక్టరీలో, గ్రామ పంచాయతీలో శిక్షణ పెట్టించండి. ఈఎంటీలకు రిజిస్ట్రేషన్, నిలకడైన జీతం, మనిషి తట్టుకునే పనిగంటలు కావాలని మీ ఎమ్మెల్యేను అడగండి. ఇంత బాధ్యత మోస్తున్న మనుషులకు ఇవి హక్కుగా దక్కాల్సినవే.