వేపేరి ఆసుపత్రికి జెర్రిపోతుతో

మూడు తరాలుగా చెన్నపట్నంలో ఉంటున్నామన్న మాటే గాని, వేపేరి పశువైద్య కళాశాల గేటు లోపల మేము అడుగుపెట్టినది మొన్న శ్రావణంలోనే. అదీ ఒక పామును వెంటబెట్టుకుని!

మేముండేది విల్లివాక్కంలో. పందికొక్కుల బాధ పడలేక పెరట్లో తోటకూర మడి చుట్టూ నైలాను వల కట్టినాము. ఒకనాడు తెల్లవారేసరికి ఆరడుగుల జెర్రిపోతు అందులో చిక్కుకుని ఉన్నది. ఇక్కడివారు సారైపాంబు అంటారు. విషం లేనిది, ఎలుకలను తిని బ్రతికేది. ఈ సంగతి ఇప్పుడు తెలుసు, నిరుడు తెలియదు. నిరుడు ఇటువంటిదే కనబడితే నాగుపామనుకుని కర్రలతో కొట్టించినాము. చచ్చిన తరువాత ఎదురింటి పెద్దాయన వచ్చి, "దీనికి పడగేదండీ?" అన్నారు. ఆ రాత్రి మా అమ్మగారు అన్నం ముట్టలేదు.

అందుచేత ఈసారి ఎవరినీ కర్ర తీయనీయలేదు. మా చిన్నవాడు మాత్రం "నాన్నా, మనమే పెంచుకుందాం" అని ఒకటే పోరు. అటవీశాఖకు ఫోను చేస్తే వచ్చిన మనిషి ఆ ముచ్చట ఒక్క మాటతో తీర్చినాడు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని ఇంట్లో ఉంచుకోరాదు. చుట్టూ వల కత్తిరించి, ఒంట్లోకి కోసుకుపోయిన పోగులు మాత్రం వైద్యులే తీయాలని చెప్పి, పామును గుడ్డసంచిలో వేసి మూతి కట్టినాడు.

ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి మేమూ బయలుదేరినాము. వాకిట్లో అమ్మగారు చిన్న చెంబుతో పాలు చేతికిచ్చినారు. నాగులచవితికి పుట్టలో పోసే చెంబే అది. వద్దనలేకపోయినాము.

మొదటి ఆటో సంచి కదలడం చూసి వెళ్ళిపోయినది. రెండవ ఆటో అతను అయనావరం దాటేవరకు నోరు విప్పలేదు. పురసవాక్కంలో మాత్రం "సార్, ముడి గట్టిగా ఉన్నదా?" అని అడిగినాడు. చూసి చెప్పినాము. మళ్ళీ ఒకసారి చూసుకున్నాము కూడా.

ఈ కళాశాల 1903లో సైదాపేటలో మొదలై తరువాత వేపేరికి వచ్చినది. 1936లో మదరాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. వరండాలో ఆవులు, మేకలు, ఒక చిలుక. కుక్కపిల్లను ఒడిలో పెట్టుకున్న ఒకావిడ సంచిలో ఏమిటని అడిగినారు. చెప్పగానే బల్ల అంతా మాకే మిగిలినది.

డాక్టరమ్మగారు పాము తలను ఒక పారదర్శకమైన గొట్టంలోకి పోనిచ్చి, నడుము పట్టించి, పోగులు ఒక్కొక్కటే కత్తిరించినారు. మూడుచోట్ల పొలుసులు లేచి మాంసం కనబడుతున్నది. కడిగి మందు రాసి, నోరు తెరిచి చూసి, తూకం వేసినారు. జెర్రిపోతు మగది, నాగుపాము దాని ఆడది అంటారు గదా అని అడిగినాము. ఆమె నవ్వి, రెండూ వేరు జాతులు, జెర్రిపోతుల్లోనే ఆడా మగా ఉంటాయి, ఇది ఆడదే అన్నారు. చెంబు చూసి, "పాలు పాముల ఆహారం కాదండీ, హాని చేస్తాయి. నీళ్ళు పెడతాము" అన్నారు.

పాము అక్కడే ఉండిపోయినది. నిండుచెంబుతో ఇంటికి వస్తే అమ్మగారు దానివంక చూసి, "నీళ్ళయినా తాగిందా?" అన్నారు.

"తాగిందమ్మా" అన్నాము. మేము చూడలేదు.

తొమ్మిది రోజులకు అటవీశాఖ మనిషి ఫోను చేసి, గాయాలు మానినవి, వదిలిపెట్టినాము అని చెప్పినాడు. వల ఆనాడే విప్పివేసినాము. తోటకూర మళ్ళీ పందికొక్కుల పాలవుతున్నది.