చెయ్యి ఊపకుండానే

నిన్న రాత్రి మా కుల్కచర్లలో భజన. హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన ఒక చేత్తో తిత్తి ఊపుతూ, ఇంకో చేత్తో మెట్లు నొక్కుతూ తల కొంచెం పైకెత్తాడు. అంతే, తాళాలన్నీ ఒక్కపెట్టున ఆగిపోయాయి.

నాకు క్రిస్టఫర్ హాగ్‌వుడ్ గుర్తొచ్చాడు. హాండెల్, మోజార్ట్ సంగీతాన్ని వాళ్ల కాలంనాటి వాద్యాల మీదే, పేగు తంతులు కట్టిన వయొలిన్ల మీదే వినిపించాలని 1973లో ఇంగ్లండ్‌లో ‘అకాడమీ ఆఫ్ ఏన్షియంట్ మ్యూజిక్’ పెట్టాడు. తను హార్ప్సికార్డ్ వాయిస్తూనే బృందాన్ని నడిపేవాడు. 2014లో పోయాడు. వాయించేవాళ్ల మధ్య కూర్చుని నడిపించడం, నా లెక్కలో, అన్నిటికన్నా గొప్ప విద్య.

మనకూ ఒకాయన ఉండేవారు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి. ఆయన వీణ అందరికీ తెలుసు. ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపిన సంగతి ఎంతమందికి తెలుసు? మనోధర్మానికి అలవాటుపడ్డ విద్వాంసులను, అదీ ఉత్తరాది దక్షిణాది వాద్యాలతో, రాసిపెట్టిన స్వరానికి కట్టి ఉంచడం మాటలా! 1987లో కన్నుమూశారు.

మీలో ఎవరి దగ్గరైనా ఆ వాద్యబృందం పాత రికార్డింగు ఉంటే దయచేసి పంపండి. మా భజన పెద్దాయనకు వినిపించాలి.