మాతో ఇల్లు మారిన సముద్రం

ఇల్లు మారడమంటే మగవాళ్ళకి రెండు రోజుల పని, ఆడవాళ్ళకి రెండు నెలల పని. కాదంటారా? అమెరికా వచ్చిన ఈ 20 ఏళ్ళలో మాకిది ఐదో ఇల్లు. ఏ గిన్నె ఏ పెట్టెలో సర్దాలో, ఊరగాయ జాడీల మూతలకి ఏం చుట్టాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అలాంటిదాన్ని మొన్న జూన్‌లో హ్యూస్టన్ నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి మారేటప్పుడు ఒక్క సామాను దగ్గర మాత్రం ఆగిపోయాను. అది 75 గాలన్ల ఉప్పునీటి అక్వేరియం. సుమారు 280 లీటర్ల నీళ్ళు, అందులో రాళ్ళు, పగడాలు, చేపలు, నత్తలు, బుల్లి పీతలు.

మా అబ్బాయి ఏడో క్లాసులో ఉండగా పట్టుబట్టి పెట్టించుకున్నాడు. ఇప్పుడు వాడు కాలేజీకొచ్చాడు, వేసవి సెలవుల్లో కూడా ఇంటర్న్‌షిప్ అంటూ సియాటిల్లో ఉన్నాడు. పిల్లలు ముచ్చటపడి పెట్టించుకున్నవి చివరికి ఎవరి చేతికొస్తాయో మీకు చెప్పక్కర్లేదు. ఆవిరైపోయిన నీళ్ళు రోజూ నింపడం, మేత వెయ్యడం, అద్దానికి పట్టిన పాచి గీకడం అన్నీ నావే.

విసుగనిపించలేదా అంటే, లేదు. బి.ఏ. తెలుగులో కావ్యనాయికల పెదవుల్ని పగడాలతో పోల్చిన పద్యాలు ఎన్నో చదివాం. ఆ పగడం మొక్కా కాదు, రాయీ కాదు, జంతువు. మా ట్యాంకులో కొన్ని లైటు వెలగగానే పువ్వుల్లా విచ్చుకుని, ఆరగానే ముడుచుకుంటాయి. ఇక రెండు క్లౌన్ చేపలున్నాయి, నీమో సినిమాలోవి. ఈ జాతిలో మొదట అన్నీ మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది, పెత్తనమంతా ఆవిడదే. ఆవిడ పోతే ఆయనే ఆడచేపగా మారతాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను హాల్లోకి వెళ్తే అద్దం దగ్గరకి వచ్చి నిలబడేది ఆ పెద్దావిడే.

మావారు "అమ్మేద్దాం" అన్నారు. సామాను తీసుకెళ్ళేవాళ్ళు ప్రాణమున్నవి మేం ఎక్కించుకోం అని ముందే చెప్పేశారు. అబ్బాయికి ఫోన్ చేస్తే "అమ్మేయండమ్మా, నీకెందుకు కష్టం" అన్నాడు. ఆ మాట అనడానికి వాడు కాసేపు ఆగాడు. తల్లికి ఆ ఆగడం చాలు. కొత్త ఇంట్లో వాడికో గది ఇవ్వగలం గానీ వాడు పెరిగిన గది ఇవ్వలేం కదా. వచ్చినప్పుడు ఇది నాది అని చూసుకోవడానికి ఒక్కటైనా ఉండాలి. పైగా క్లౌన్ చేపలు బాగా చూసుకుంటే 20 ఏళ్ళు కూడా బతుకుతాయి. ఆరేళ్ళ చేపల్ని ఎవరికో అప్పజెప్పి రావడానికి నాకు మనసొప్పలేదు. తీసుకెళ్తున్నాం అన్నాను.

మా అమ్మ మచిలీపట్నం నుంచి ఫోన్లో "సముద్రాన్ని బకెట్లలో పెట్టుకుని ఊరేగుతారుటే!" అని ఒకటే నవ్వు.

అసలు కీలకం ఎక్కడుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ట్యాంకుని బతికించేది ఆ పాత నీళ్ళు కాదు. చేపల వ్యర్థాల్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకి విషం. రాళ్ళ రంధ్రాల్లో, ఇసుకలో కాపురముండే బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ నైట్రేట్‌గా మార్చి చేపల్ని కాపాడుతుంది. కొత్త ట్యాంకులో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మన వంటింటి మాటలో చెప్పాలంటే అది తోడు. పాలు ఏరోజుకారోజు కొత్తవి పోసుకోవచ్చు, తోడు పోతే మాత్రం పెరుగు లేదు. ఇల్లు మారిన ప్రతిసారీ గిన్నెడు పెరుగు ఒళ్ళో పెట్టుకుని కారెక్కే మనకి ఇంతకంటే విడమర్చి చెప్పాలా? రాళ్ళు ఎండితే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది. కాబట్టి మొదటి సూత్రం, రాయి తడి ఆరకూడదు. మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూనే.

తాళాలు ఇచ్చిన రోజునే మావారు ఒకరోజు ముందు ఫ్రిస్కో వెళ్ళి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఉప్పునీళ్ళు కలిపి పెట్టారు. కుళాయి నీళ్ళు పనికిరావు. అందులో కలిపే క్లోరమిన్ చేపలకి విషం, గొట్టాల్లోంచి వచ్చే రాగి పగడాలకి పడదు. ఫిల్టర్ పట్టిన శుద్ధమైన నీళ్ళలో అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు, లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన కలిపి, రాత్రంతా పంపుతో తిప్పారు. ఉప్పదనం చూసే మీటరులో 1.025 రావాలి. వంటింటి ఉప్పు వేస్తే కుదరదు. మా అత్తయ్యగారు ఇదంతా విని, "కొత్తింట్లోకి ముందు ఉప్పూ నీళ్ళూ పంపాలంటారు, మీరు రెండూ కలిపే పంపారుగా, మంచిదే" అన్నారు.

బయల్దేరే ముందురోజు చేపలకి మేత వెయ్యలేదు. ఖాళీ కడుపుతో ఉంటే దారిలో బకెట్టు నీళ్ళు పాడవ్వవు. పొద్దున్నే మొదట హీటరు ప్లగ్గు తీశాను. నీటిమట్టం దిగిపోయాక హీటరు వెలుగుతూ ఉంటే దాని గాజు పగిలిపోతుంది. తర్వాత పాత నీళ్ళలో సగం మూతలున్న బకెట్లలోకి తోడాం. పగడాలు విడివిడిగా, ఒక్కోటి ఒక్కో డబ్బాలో, పూర్తిగా మునిగేలా. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి కుడతాయి. జొయాంథిడ్ అనే రకం ఒకటుంది, చూడ్డానికి బొత్తాంపువ్వుల్లా ఉంటుంది గానీ వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోకండి, వాటితో ఉన్న రాళ్ళని వేడినీళ్ళలో వెయ్యకండి. ఎనిమోన్ రాతిని కరుచుకుని ఉంటే పీకకుండా రాయితో సహా తీశాం. పీకితే దాని పాదం చిరుగుతుంది.

రాళ్ళు తీసేశాకే చేపల జోలికి వెళ్ళాం. దాక్కోడానికి చోటు లేకపోతే నిమిషంలో దొరుకుతాయి. అడుగునున్న ఆరేళ్ళ ఇసుకని మాత్రం కదిపి కొత్త ట్యాంకులో పొయ్యలేదు. అందులో పేరుకున్న మురికి కదిలితే అమ్మోనియా, కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ నీళ్ళలో కలుస్తాయి. పైపైన రెండు గుప్పెళ్ళు తీసుకుని మిగతాది పారేశాం, కొత్త ఇసుక కొన్నాం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాకే ఎత్తారు. నీళ్ళే 290 కిలోల దాకా ఉంటాయి. సగం నీళ్ళతో ఎత్తినా అతుకులు విడిపోతాయి.

ట్యాంకు వ్యానులో మావారితో వెళ్ళింది. ప్రాణమున్నవన్నీ నా కారులో, ఏసీలో, మంచు పెట్టుకునే కూలర్ డబ్బాల్లో. బ్యాటరీతో నడిచే గాలి పంపులు బుడబుడమంటూనే ఉన్నాయి. టెక్సాస్ ఎండ సంగతి తెలిసిందేగా, ఆగిన కారు పది నిమిషాల్లో పొయ్యిలా అయిపోతుంది. నాలుగున్నర గంటల దారిలో ఒక్కచోటే ఆగాం, అది కూడా వంతులవారీగా దిగి. మా అమ్మాయి వెనక సీట్లో థర్మామీటరు పట్టుకుని గంటకోసారి "78 అమ్మా", "79 అమ్మా" అని చదువుతూ కూర్చుంది. ఫారన్‌హీట్‌లో అదే వాటికి హాయి.

కొత్త ఇంట్లో తీసినదానికి తిరగేసిన వరస. స్టాండు సమంగా ఉందో లేదో చూసి, ఇసుక, రాళ్ళు, పాత నీళ్ళు సగం, కొత్తవి సగం. వేడి, ఉప్పదనం కుదిరాక పగడాలు, అన్నిటికంటే చివర చేపలు. ఇదంతా అయ్యేసరికి రాత్రి 11 గంటలు. వంటింట్లో ఒక్క పెట్టె కూడా విప్పలేదు. పాలు మర్నాడు పొద్దున్న పొంగించాం.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ అమ్మోనియా టెస్ట్ చేశాను. లైటు సగానికి తగ్గించాను, మేత కూడా. ఐదో రోజు అమ్మోనియా 0.25 చూపిస్తే వెంటనే ఐదో వంతు నీళ్ళు మార్చాను. తొమ్మిదో రోజుకి సున్నా. అన్నీ బతికాయని చెప్పను. మూడు తలలున్న ఒక పగడంలో ఒక తల కరిగిపోయింది. రెండు నత్తలు పోయాయి. మిగతావి నెమ్మదిగా విచ్చుకున్నాయి. ఎనిమోన్ మూడు రోజులు చోటు నచ్చక తిరిగి తిరిగి చివరికి ఎడమ మూల కుదురుకుంది.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విశాఖలోనో పెట్టుకుందామనుకుంటే ఒక్కమాట. మన దేశంలో రాతి పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. వాటిని సముద్రంలోంచి తీయడం, కొనడం, అమ్మడం నేరం. షాపువాడు ఏం చెప్పినా, అడిగి తెలుసుకోకుండా కొనకండి.

మొన్న ఆదివారం అబ్బాయి వీడియో కాల్ చేస్తే ఫోన్ ట్యాంకు ముందు పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఉప్పదనం ఎంతుందమ్మా?" అన్నాడు. 1.025 అన్నాను. "ఊఁ, సరే" అన్నాడు. ఇంకో పావుగంట ఫోన్ పెట్టెయ్యలేదు.