ముల్లు దిగింది, తాపం దిగలేదు



ధూమాన్ని చూచి అగ్నిని ఊహించడం తర్కవిద్యార్థికి ప్రథమపాఠం. ఆ వెంటనే గురువుగారు మరొకటి చెప్పేవారు: అగ్నిని చూచి ధూమాన్ని ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో అగ్ని ఉంది, ధూమం లేదు. తడికట్టె తోడైతేనే అగ్ని ధూమాన్ని ఇస్తుంది. ఈ విషయాన్ని పదునాలుగవ ఏట అన్నంభట్టు తర్కసంగ్రహంలో కంఠస్థం చేశాను. అర్థమైనది మాత్రం యాభైయారవ ఏట, నల్లమల ఘాట్ రోడ్డు పక్కన, ఆవిరి కక్కుతున్న నా కారు ముందు నిలిచినప్పుడు.

గత కార్తికంలో ఎనభైరెండేళ్ల మా అమ్మగారిని శ్రీశైలదర్శనానికి తీసుకొని బయలుదేరాను. కారు పాతది. అంతకు వారం ముందునుండే ఇంజిన్ వేడిని చూపే గేజిలోని ముల్లు మధ్యలో నిలువక ఎక్కుతూ దిగుతూ ఉంది. "ఒకసారి చూపించండి గురువుగారూ" అని శిష్యుడు హెచ్చరించాడు. కార్తికమాసపు రద్దీలో తీరిక లేదన్నాను. ప్రతి ఉదయం బానెట్ ఎత్తి, కూలెంట్ సీసాలో ద్రవం సగం వరకు ఉన్నదని చూచి తృప్తిపడేవాడిని.

దోర్నాల దాటి కొండ ఎక్కుతుండగా ముల్లు ఎర్రగీత దాకా పాకింది. గుండె ఝల్లుమని వేగం తగ్గించాను. క్షణాలలో అది తనంతట తానే దిగి, చల్లదనాన్ని సూచించే కొసకు చేరింది. "మల్లన్న దయ, చల్లబడింది" అన్నాను. వెనుక సీటులోనుండి అమ్మ, "ఏదో తియ్యని వాసన వస్తోంది నాయనా, పాకం మాడినట్టు" అంది. "ఏమీ లేదమ్మా, ముల్లు దిగింది" అని ముందుకే సాగాను. రెండు మలుపులు తిరిగేసరికి బానెట్ సందులనుండి ఆవిరి ఎగసింది.

బండి ఆపి, ఉత్తరీయం చేతికి చుట్టుకొని రేడియేటర్ మూత తిప్పబోయాను. అటుగా వచ్చిన లారీ డ్రైవరు, "స్వామీ, చెయ్యి తియ్యండి! మొహం కాలిపోద్ది!" అని కేక వేశాడు. మూత బిగించి ఉన్నంతవరకు లోపలి ద్రవం ఒత్తిడిలో ఉంటుంది. నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైతే ఒత్తిడి తొలగి, ఒక్కసారిగా ఆవిరియై పైకి చిమ్ముతుంది. అతడు అమ్మను చెట్టునీడన కూర్చోబెట్టి, దోర్నాల మెకానిక్‌కు ఫోన్ చేశాడు. కారును మరొక బండిపైకి ఎక్కించి షెడ్డుకు చేర్చారు.

మెకానిక్ నా కుమారుని వయసువాడు. "ముల్లు పడిపోయినప్పుడు ఏమనుకున్నారు స్వామీ?" అన్నాడు. చల్లబడిందనుకున్నానన్నాను. "ముల్లుకు కబురు చెప్పే సెన్సర్ నీళ్లలో మునిగుంటేనే నిజం చెబుద్ది. నీళ్లు పోయి గాలి చేరితే దానికి వేడి సరిగ్గా తగలదు. ముల్లు దిగిపోద్ది, ఇంజిన్ కాలిపోద్ది."

నేను నిశ్చేష్టుడనయ్యాను. అగ్నికి తడికట్టె ఎటువంటిదో, ఆ ముల్లు మాటకు ద్రవం అటువంటిది. అది లేనప్పుడు ముల్లు దిగడం చల్లదనానికి గుర్తు కాదు. నా హేతువు సవ్యభిచారం. ముక్కుతో ప్రత్యక్షంగా గ్రహించి అమ్మ చెప్పిన మాటను కాదని, ఆ హేతువును నమ్మాను.

అతని పరీక్షాక్రమం శాస్త్రవిచారంలాగే సాగింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీశాడు. సీసాలో ద్రవం ఉంది. రేడియేటర్ లోపల ఎండిపోయి ఉంది. కారిన జాడ వెతికితే, క్రింది హోస్ పైపు క్లిప్ దగ్గర పగులు, దాని చుట్టూ ఎండిన తెల్లని మరక. తియ్యని వాసన అక్కడిదే. థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు పోసి వేడిచేసి, తెరుచుకుంటున్నదని చూచాడు. సెన్సర్ తీగ కొసలు శుభ్రం చేస్తూ, "ముల్లు రెప్పపాటులో ఎగిరిపడితే తీగ తప్పు, మెల్లగా ఎక్కి దిగితే నీళ్ల తప్పు అనుకోండి" అన్నాడు. ఇంజిన్ ఆయిల్ పాలవలె తెల్లబడలేదని కూడా చూచాడు. తెల్లబడి ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్లే; ఖర్చు ఎన్నో రెట్లయ్యేది.

పైపు, క్లిప్ మార్చి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోశాడు. అసలు పని అప్పుడే మొదలైంది. కారు ముందుభాగం ఎత్తుగా నిలిపి, మూత తెరచి, హీటర్ పూర్తిగా పెట్టి ఇంజిన్ నడిపాడు. చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి వస్తోంది, మట్టం దిగుతోంది, అతడు మళ్లీ పోస్తున్నాడు. చాలాసేపటికి ఫ్యాన్ తిరిగింది, బుడగలు ఆగాయి, మూత బిగించాడు. బుడగలు ఎంతకూ ఆగకపోతే గ్యాస్కెట్‌ను అనుమానించాలట. కారిన ద్రవాన్ని పళ్లెంలో పట్టి దూరంగా పెడుతూ, "తియ్యగుంటదని కుక్కలు, ఆవులు నాకుతాయి స్వామీ, చచ్చిపోతాయి" అన్నాడు. గోశాల ఉన్న ఆలయంలో కారు నిలిపే నాకు ఈ సంగతి తెలియదు.

మర్నాడు దర్శనమైంది. ముల్లు దారంతా మధ్యలోనే నిలిచింది. "నీ మాట వినలేదమ్మా" అన్నాను. "నువ్వు ముల్లును చూశావు, నేను వాసన చూశాను, అంతేగా" అంది.

కనుక మీకు నా మనవి. ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, వీలైన మొదటి చోటనే బండి నిలిపి ఇంజిన్ ఆపండి. చల్లారేవరకు మూత ముట్టవద్దు. ఎక్కిన ముల్లు హఠాత్తుగా పడిపోతే సంతోషించకండి, నిలపవలసినది అప్పుడే.

ఆనాటినుండి నాలో మరొక శంక కలుగుతోంది. ఒకప్పుడు ఎదుటివారి కష్టం చూస్తే మనసు తపించేది. ఇప్పుడు అంతగా కదలడం లేదు. దీన్ని శాంతి అనుకుంటూ వచ్చాను. అది నిజంగా చల్లదనమేనా, లోపలి తడి ఎండిపోవడమా? మూత తీసి చూచుకోవలసి ఉంది.

స్వస్తి.