కత్తి కంటే ముందు కాంతి

ఖరగ్‌పూర్‌లో రైలు దిగి గోల్‌బజార్ వైపు నడిస్తే తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. రైల్వే పనుల కోసం వచ్చిన మనవాళ్ళు తరాలుగా స్థిరపడ్డ ఊరిది. కిళ్ళీకొట్ల ముందు పాన్ మసాలా పొట్లాలు, పొగాకు పొట్లాలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. గుట్కా నిషేధానికి కనిపెట్టిన విరుగుడది, నోట్లో కలుపుకుంటే సరి. నమిలిన వక్క చెంప లోపలి పొర కింద కొల్లాజెన్‌ను పేర్చి నోటిని బిగిస్తుంది. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ జబ్బు కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఇక్కడి ఐఐటీలో, వైద్య సాంకేతిక విభాగంవాళ్ళు ఈ జబ్బు కణజాలంపైనే పరిశోధనలు చేశారు. ఆ ప్రయోగశాలకూ ఈ కిళ్ళీకొట్లకూ మధ్య ఉండాల్సిన పరీక్ష ఒకటుందని నా వాదన.

దాని పేరు ఓసీటీ. 1991లో ఎంఐటీ బృందం ప్రకటించిన ఈ పద్ధతిలో, కణజాలంలోంచి తిరిగొచ్చిన పరారుణ కాంతిని బట్టి ఏ లోతున ఏముందో లెక్కగడతారు. తెర మీద చెంప ఒక బూడిదరంగు పట్టీ: పైన మసక పొర, కింద మెరిసే కొల్లాజెన్. ఈ జబ్బులో పై పొర పలచబడుతుందని 2009లో తైవాన్ పరిశోధకులు ఓసీటీతోనే చూపారు. చూపు రెండు మిల్లీమీటర్లు దాటదు కదా అంటారు. నోటి క్యాన్సర్లలో అత్యధికం పుట్టేది మిల్లీమీటరైనా లేని ఆ పై పొరలోనే. క్యాన్సరని తేల్చేది బయాప్సీయే అన్న ఆక్షేపణ మాత్రం గట్టిది, ఒప్పుకోవాల్సిందే. అయితే కోసి తీసిన ముక్కలో ఆరు నెలల తర్వాత వచ్చే మార్పును ఎవరూ చూడలేరు. కాంతితో అదే చోటును ఎన్నిసార్లయినా చూడొచ్చు, ఎక్కడ కోయాలో కూడా తెలుస్తుంది.

నోరు ఎన్ని వేళ్ళ మేర తెరుచుకుంటుందో చూడ్డానికి పైసా ఖర్చు లేదు. దాన్ని మానేసి యంత్రం కోసం కూర్చోవడం తెలివితక్కువ. కాకపోతే నోరు పట్టేసేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. ఖరీదంటారా, హైదరాబాద్ కంటి ఆసుపత్రుల్లో చక్కెర జబ్బువాళ్ళ రెటీనాకు ఓసీటీ ఇప్పుడు మామూలు పరీక్షే. నోటి విషయంలో చిక్కు వేరు: సరిగా తెరుచుకోని నోట్లోకి పట్టే సన్నని ప్రోబు కావాలి, ఆ బూడిద పట్టీని చదవడం వచ్చిన దంతవైద్యులు కావాలి. ఈ ఊరి రైల్వే ఆసుపత్రికి వచ్చే వక్క నమిలేవాళ్ళకు ముందు వేళ్ళతో కొలత, అనుమానముంటే కాంతి, తేడా కనబడితేనే కత్తి అనే వరస పెట్టడానికి పక్కనే ఐఐటీ ఉంది.